ఒక్క కుట్టు సర్దినాను

మా గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకు ముందు నియమాలు పంపుతారు. ముక్క జానెడు చదరం ఉండాలి. నూలుగుడ్డే వాడాలి. రంగు దిగే గుడ్డయితే ఉతికి మరీ పంపాలి. నెలాఖరులోగా పోస్టు చెయ్యాలి. ఇంతవరకూ ఎవరికీ అనుమానాలు రావు. చివర ఒకటుంది: అందిన ముక్కను విప్పరాదు. పోయినవారం పార్వతీపురం నుంచి చేరిన కొత్తమ్మాయి అది చదివి, "ఒకరు కుట్టి పంపినదాన్ని ఇంకొకరు ఎందుకు విప్పుతారండీ?" అని అడిగింది. పొద్దున్నే ఒక పువ్వు బొమ్మ పెడితే చాలు, పాతికమంది దండాలు పెట్టే గ్రూపు మాది. ఆ ప్రశ్నకు మాత్రం ఒక్కరూ పలకలేదు.

పలకవలసింది నేనేనని అందరి ఉద్దేశం. సరే, చెబుతాను. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది, ఇక నొచ్చుకునేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ముందు గ్రూపు సంగతి. మేమంతా బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళం. బొంత అంటే మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పాతచీరలు పొరలుగా పరిచి, పైన రంగుగుడ్డల ముక్కలు అతికి కుట్టేది, ప్రతి ఇంట్లోనూ ఉండేది, చుట్టాలొస్తే మంచం కిందికి తోసేసేది. విశాఖపట్నంలో ఉండే ఒక మేడం, విదేశాల్లో ఆడవాళ్ళు తలా ఒక ముక్క కుట్టి పోస్టులో మార్చుకుని వాటిని అతికించి బొంత చేసుకుంటారని యూట్యూబులో చూసి మాకు చెప్పింది. అప్పుడు మంచం కింది బొంత మీద మా అందరికీ ఒక్కసారిగా గౌరవం పుట్టింది. గ్రూపు పెట్టాం. నెలనెలా చీటీలు తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్ళకు ముక్క కుట్టి పంపాలి. ఒకరి చేతికుట్టు ఇంకొకరి ఇంటికి చేరాలని మేడం ఆశయం.

మాకు అసలు పేర్లతో పనిలేదు, ఊళ్ళ పేర్లతోనే పిలుచుకుంటాం. నేను ఎస్.కోట టీచర్ని. ఆవిడ ఆమదాలవలస అమ్మ. నిజానికి ఆవిడది ఆమదాలవలస కాదు, అక్కడ రైలు దిగి ఆటోలో పోవాలి. అలాంటి తేడాలు పట్టించుకునేది ఆవిడొక్కతే. ప్రతిసారీ "ఆమదాలవలస కాదమ్మా" అని మొదలుపెట్టేది.

టైపు చెయ్యడం రాదు. మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి మాటే పంపేది. ఆవిడ మొదటిసారి పంపిన మాట నాకు ఇప్పటికీ వచ్చు.

"అమ్మా, అందరికీ దండాలు. నాను మా కోడలు ఫోన్లో మాటాడతన్నాను. సిన్నప్పట్నించీ బొంతలు కుడతన్నాను. మా ఊరంతా నా బొంతలే కప్పుకుంటాది. నాను కూడా నా బొంతే కప్పుకుంటన్నాను. ఒకరి సేత్తో కుట్టిన బొంత కప్పుకుని తొంగోవాలని ఉన్నాది నాకు. సచ్చీలోపల ఒక్కసారి. తలా ఓ ముక్క పంపండమ్మా, అతికించుకుంటాను."

గ్రూపంతా కరిగిపోయింది. ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు వరదలా వచ్చాయి. అయితే ఆవిడకు ఒక అలవాటుంది. చెప్పాల్సింది అయిపోయాక వేలు తియ్యడం మరిచిపోతుంది. అందుకని ఆ మాట వెనకాలే ఒక కోడిని అదిలించిన చప్పుడు, ఆ తరవాత గొంతు తగ్గించి, "పంపుతారంటావేటే? ఈళ్ళకి సూది పట్టడం వచ్చునంటావా?" అని కోడల్ని అడగడం, "అత్తా, వేలు తియ్యి, వేలు తియ్యి" అని కోడలు మొత్తుకోవడం కూడా మాకు అందాయి. కరిగినవాళ్ళు కొంచెం గట్టిపడ్డారు. అయినా ఆ నెల అందరూ ఆవిడకే పంపాలని మేడం తీర్మానించింది.

నేను మా అమ్మ కట్టి విడిచిన చిలకాకుపచ్చ చీర కత్తిరించాను. మధ్యలో పసుపుగుడ్డతో నాలుగు మూలల పలక పెట్టి, బడి నుంచి వచ్చాక రోజూ కాస్త కాస్త కుట్టి, వెనక్కి తిప్పి చూసుకుని మురిసి, పంపాను. హైస్కూల్లో సోషల్ చెబుతాను నేను. పిల్లలు గీసిన భారతదేశం పటాలను ఎర్రసిరాతో దిద్దడం నా వృత్తి. నా పనిని ఇంకొకరు దిద్దడం నాకు అలవాటు లేదు.

నాలుగురోజులకు గ్రూపులో ఫొటో వచ్చింది. దాని కింద ఆవిడ మాట: "టీచరమ్మ ముక్క అందినాది. బాగున్నాది. ఒక్క కుట్టు సర్దినాను, అంతే."

ఫొటో పెద్దది చేసి చూశాను. గుడ్డ నాదే. పసుపు పలక నాదే. కుట్టు మాత్రం ఒక్కటీ నాది కాదు. ఈ మూల నుంచి ఆ మూలకు బియ్యపుగింజలు పేర్చినట్టు ఒకటే వరస. నా కుట్లు ఎక్కడెక్కడ ఉండేవో ఆ గుర్తు కూడా మిగల్లేదు.

తరవాత ఒక్కొక్కరివీ వచ్చాయి. సాలూరు, చీపురుపల్లి, పలాస. అందరికీ ఒకే మాట. బాగున్నాది. ఒక్క కుట్టు సర్దినాను. విశాఖ మేడం మిషను మీద ఎనిమిది మొనల నక్షత్రం కుట్టి పంపింది. దాన్ని ఆవిడ ఊడదీసి వరసగా పలకలు చేసేసింది. "మొనలు ఉతుకులో పీక్కుపోతాయి తల్లీ" అని కారణం కూడా చెప్పింది. అది ఉతకడానికి కాదు, చూడడానికని మేడం చాలా బాధపడింది. చూడ్డానికి బొంత ఏమిటని ఆవిడ ఆశ్చర్యపడింది. ఇద్దరిలో ఎవరిది న్యాయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

బొబ్బిలి ఆవిడ సంగతి వేరు. ఆవిడ కుట్టు ఆమదాలవలస అమ్మ కుట్టులాగే ఉంటుంది, గింజ కూడా తేడా రాదు. ఆ ముక్కనూ అమ్మ విప్పేసింది, విప్పి అచ్చం అలాగే కుట్టింది. పంపకముందు తీసిన ఫొటో, అందాక తీసిన ఫొటో పక్కపక్కన పెట్టుకుని మేమంతా వెతికాం. ఒక్క తేడా కూడా దొరకలేదు. "ఎందుకు విప్పారమ్మా?" అని బొబ్బిలి ఆవిడ దాదాపు ఏడుస్తూ అడిగితే, "నీది బాగానే ఉన్నాది. నాకే ఎలగో ఉన్నాది" అంది.

ఆ దెబ్బతో మేడం నియమం రాసింది. అందిన ముక్కను విప్పరాదు. అది కోడలు చదివి వినిపించగానే అందరికంటే ముందు మెచ్చుకున్నది ఆమదాలవలస అమ్మే. "మంచి మాట రాసినావమ్మా. అలగ ఇప్పీవోళ్ళు ఉంటారు. ఒకరి కష్టం కదా!" ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఒక్క కుట్టు సర్దడాన్ని విప్పడం అనరని ఆవిడ నమ్మకం.

దసరా సెలవుల్లో నేను, మా బడిలో తెలుగు టీచరు కలిసి శ్రీముఖలింగం వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో తెలుగు టీచరు శ్రీకాకుళంలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది. నా రైలు సాయంత్రానికి. "మా ఊరి మీద నుంచే పోతా మా గడప తొక్కకపోతే ఊరుకోను" అని ఆమదాలవలస అమ్మ ఫోన్లో ముందే బెదిరించింది. వెళ్ళాను.

చిన్న మనిషి. ముక్కుకు రెండు వైపులా పుడకలు. వాకిట్లో ట్రాక్టరు, పక్కన ధాన్యం బస్తాలు, మంచి స్థితిపరులే. నేను గుమ్మం ఎక్కగానే ఆవిడ నా మొహం చూడలేదు. వంగి, నా కుచ్చెళ్ళు పట్టుకుని, చీర అంచు తిరగేసి ఫాల్ చూసింది.

"ఇది ఎవులు కుట్టినారు?"

"కోటలో షాపులో ఇచ్చానమ్మా."

"షాపోడు నిన్ను మోసం సేసినాడు. కూకో."

ఎడమ భుజం దగ్గర రవికెకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చుకుని ఉంటుంది. మనవలు ఆవిణ్ణి కుడివైపు నుంచే వాటేసుకుంటారట. అది తీసింది. నేను కూర్చునేలోపు సగం ఫాల్ ఊడి కింద పడింది. కట్టుకున్న చీరకు కట్టుకుని ఉండగానే ఫాల్ కుట్టించుకున్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. కాదట. ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఆడవాళ్ళందరికీ అదే మర్యాద. మజ్జిగ ఆ తరవాత ఇస్తారు.

కుట్టడం అయ్యాక దారాన్ని పక్కపంటితో పుటుక్కున కొరికి, చీరను బుగ్గకు రాసుకుని చూసింది. ఏ గుడ్డనైనా అలాగే చూస్తుందని కోడలు చెప్పింది. కంటికి నచ్చినా బుగ్గకు నచ్చకపోతే ఆ గుడ్డ బొంతకు పనికిరాదు.

అప్పుడు లోపలి గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద బొంత పరిచింది. ఇన్ని ఊళ్ళ గుడ్డలు, ఇన్ని రంగులు, ఒక్కచోట ముడత లేదు. మధ్యలో మా అమ్మ చీర. చేత్తో తడిమాను. లోపల పొరలు కూడా వేసి కుట్టేసింది. చుట్టూ అంచు మడిచి కుట్టడం ఒక్కటే మిగిలింది.

"ఎంత బాగుందమ్మా" అన్నాను.

ఆవిడ మంచం పట్టెమీద కూర్చుంది. మెచ్చుకుంటే పొంగిపోయే మనిషి, ఆరోజు పొంగలేదు.

"గుడ్డలు వచ్చినాయి గానీ టీచరమ్మా, సేతులు రానేదు. సూడు, అన్నీ నా సేతులే. ఇది కప్పుకుని తొంగుంటే కొత్తేటి? పెట్లో ఉన్న నా బొంతలు ఒద్దన్నాయేటి?"

"మీరే కదమ్మా విప్పేశారు?"

"నానే." ఒప్పుకోవడానికి ఆవిడకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. "ముక్క రాగానే అనుకుంటాను, దీన్ని మట్టుకు ముట్టకూడదని. దాసీమని మా కోడలికిచ్చీస్తాను. అన్నం కాడ కూకుంటే అదే గుర్తొస్తాది. ఆ మూల కుట్టొకటి ఒదులుగున్నాది కదా అని. మరి సూడకండా ఉండగలనా? సూసినాక ఊరుకోగలనా? ఏటి సెయ్యమంటావు?"

గుమ్మంలో నిలబడ్డ కోడలు నవ్వింది. "నాను కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు ఒకటి కుట్టిచ్చినానండి మాయత్తకి. వారం తిరక్కండానే అది మాయత్త బొంతైపోనాది. ఈ ఊర్లో ఆవిడ ఎదర ఎవులూ సూది తియ్యరండి. అందుకే కదా ఫోన్లో మిమ్మల్ని ఎతికినాది."

"దీని కుట్టు అలగున్నాది మరి" అంది అత్త, కోడలి ఎదురుగానే, ఏ మొహమాటమూ లేకుండా.

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదే. ఊరు ఊరంతా భయపడి, ముక్కూమొహం తెలియని మేము ముక్కలు కుట్టి పంపితే వాటినీ ఊడదీసి, ఇప్పుడు చేతులు రాలేదని ఏడుపు! ఆ కోపంలోనే అన్నాను, "అంచు మిగిలింది కదా. అది నేను కుడతాను. ఇప్పుడే. మీరు ముట్టుకోకూడదు. నేను వెళ్ళాక విప్పకూడదు."

"నువ్వా?" అంది. అంత చిన్నమాటలో అంత అపనమ్మకం పట్టడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

సూది ఇచ్చింది. ఇవ్వడమంటే, రెండుసార్లు చెయ్యి చాచి రెండుసార్లు వెనక్కి తీసుకుని అప్పుడు ఇచ్చింది. నేను నేల మీద కూర్చుని అంచు మడిచి మొదలుపెట్టాను. ఆవిడ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"కొంచిం సన్నం కుట్టు."

"మాట్లాడకూడదమ్మా."

"మాటాడ్డం నేదు. దారం మెలికి పడతన్నాదని సెప్తన్నాను."

"అమ్మా!" అన్నాను, తొమ్మిదో తరగతి పిల్లలతో అనే గొంతుతో. ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు ఎంత కష్టమో మొహం మీద కనబడుతూనే ఉంది. నా సూది గుడ్డలో దిగినప్పుడల్లా ఆవిడ పెదవి లోపలికి పోతోంది. ఒక పక్క పూర్తయ్యేసరికి ఇక కూర్చోలేక లేచి పెరట్లోకి పోయింది. అక్కడ గేదెను తిట్టడం నాకు వినబడుతోంది.

"ఎక్కడెడతన్నావే ఆ కాలు? వరస కనపడ్డం నేదా? ఒకటలగ, ఒకటిలగ! నీకెవులు నేర్పినారే?"

పాపం ఆ గేదె ఏం చేసిందో నాకు తెలియదు. కోడలు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

నాలుగు పక్కలా కుట్టేసరికి నా రైలు వెళ్ళిపోయింది. పనితనం గురించి దాచుకోవడానికేం లేదు. మొదటిపక్క కొంత నయం. రెండోది కాస్త పక్కకు పోయింది. మూడోదానికి వేళ్ళు నొప్పిపుట్టి కుట్లు పొడుగైపోయాయి. నాలుగోది చెప్పను. ఆవిడ వచ్చి, అంచంతా అరచేత్తో నిమురుతూ మంచం చుట్టూ తిరిగింది. కుంకుడురసం మింగినట్టుంది మొహం.

"బాగున్నాది" అంది చివరికి.

అంతకు ముందూ ఆవిడ అదే మాట అందరితోనూ అంది. కానీ ఆ వెంటనే వచ్చే రెండో మాట ఈసారి రాలేదు. నోటిదాకా వచ్చి ఆగినట్టుంది. చోడి అంబలి తాగించి, మామిడికాయ ఊరగాయ చేతిలో పెట్టి, కొడుకును పిలిచి స్టేషన్లో దింపించింది.

తరవాతి రైల్లో కూర్చుని నేను అనుకున్నది ఒకటే. నేను పొందూరు దాటేలోపు ఆ అంచు ఊడిపోతుంది. చీపురుపల్లి వచ్చేసరికి బియ్యపుగింజల వరస పడిపోతుంది. ఆ ఆలోచనకు కోపం కూడా రాలేదు. బొంత మొత్తం ఆవిడ చేతిదే అయిపోతుందనీ, ఆ కోరిక అలాగే ఉండిపోతుందనీ దిగులుపడ్డాను.

బొంత పూర్తయిన ఫొటో ఆవిడ గ్రూపులో పెట్టలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఒక్క కుట్టు సర్దినాను అంటుంది, అది వినడం నాకిష్టం లేదు. చలికాలం వచ్చింది. ఆవిడ మాటలు తగ్గాయి, వచ్చినవాటిలో దగ్గు ఎక్కువైంది. ఒకరోజు మధ్యాహ్నం ఆ నెంబరు నుంచి మొదటిసారి టైపు చేసిన మాట వచ్చింది. కోడలు రాసింది. మా అత్తగారు ఈ ఉదయం పోయారు.

అందరూ దండాల బొమ్మలు పెట్టారు. బొబ్బిలి ఆవిడ మాత్రం, "ఇప్పుడు నా ముక్క ఎవరు విప్పుతారు?" అని రాసింది. ఆ మాట చూసి బడిలో స్టాఫురూములో కూర్చుని ఏడ్చాను.

పెద్దకర్మ రోజు వెళ్ళాను. వాకిట్లో షామియానా, కుర్చీలు, ఊరి జనం. ఆ ఇంట్లోవాళ్ళు తప్ప ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. ఒక మూల కూర్చున్నాను. పక్క కుర్చీలో పెద్దాయన పలకరించాడు.

"ఎవులమ్మా మీరు? ఏ ఊరు?"

"ఎస్.కోట నుంచి వచ్చానండి. అక్కడ టీచర్ని."

ఆయన కుర్చీ నా వైపు తిప్పేసుకున్నాడు. "ఓలమ్మ! అంచు కుట్టిన టీచరమ్మవి నువ్వేనేటి?" అని గట్టిగా అన్నాడు. అటు కూర్చున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఇద్దరు లేచి వచ్చారు. పాలు పోసే ఆమె నా చేతివేళ్ళకేసి చూసింది. ఆవిడకు సూదిమందు వేసిన ఆరెంపీ డాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు.

"నేనొస్తే చెయ్యి చాపేది కాదండి. 'ముందిది సూడు డాట్రూ, ఈ అంచు నాను కుట్టింది కాదు, కోట టీచరమ్మ కుట్టినాది' అని బొంత చూపించేది. నేను చూసి, అవునమ్మా, నువ్వు కుట్టింది కాదు, తెలుస్తోంది అంటే అప్పుడు చెయ్యి ఇచ్చేది."

"మాకందరికీ సూపించినాది" అంది పాలామె. "ఎవులొచ్చినా అదే. నా కుట్టు అనుకుంటారేమో, కాదు, అని."

ఇన్నేళ్ళు బడిలో పనిచేసి మా ఊళ్ళో సంపాదించుకోలేని పేరు, నాలుగు వంకర వరసలు కుట్టి సంపాదించుకున్నాను. అందరూ నా వైపు జాలిగా, ప్రేమగా చూస్తున్నారు. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియక తల వంచుకున్నాను.

కోడలు నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఆ గదిలో మంచం గోడకు నిలబెట్టి ఉంది.

"అయితే విప్పలేదా?" అన్నాను. నాకు ఇంకా నమ్మకం కలగలేదు.

"నేదండి. ఒక్క పోగు ఇప్పనేదు."

"బొంత ఏది?"

"ఆవిడతోటే పంపీసినామండి. అదే కప్పి తీసుకుపోనారు."

మా అమ్మ చీరముక్క కూడా వెళ్ళిపోయిందన్నమాట. మంచివాళ్ళ తోడే దొరికింది దానికి అనుకున్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"రోజూ ఆ అంచు పట్టుకుని సూసేదండి. నాలుగో పక్క ఉంది సూడండి, అది మొహం కాడికి వచ్చీలాగే కప్పమనేది. కాళ్ళకాడికి తిప్పీస్తానత్తా, నీకు కనపడదు అంటే ఒద్దనేది. ఎంత సెడ్డగా కుట్టినాదో సూడాల కదే అనేది." కోడలు గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఏటనుకోకండి టీచరుగారూ. మిమ్మల్ని రోజూ తిట్టేదండి."

"తిట్టనీ అమ్మా."

"ఆ వేలెడేసి కుట్లు సూపించి తిట్టేది. ఈ మనిషికి ఉద్యోగం ఎవులిచ్చినారే అనేది. అలగ తిట్టుకుంటా, తిట్టుకుంటా, తొంగునేదండి. నాను కాపరానికి వచ్చినకాడ్నించీ మాయత్త అంత బాగా తొంగోవడం ఎప్పుడూ సూడనేదు."